ఉర్లా పొగ ఏ సర్కారుదో తేల్చమని మనవి

రాయ్‌పూర్,
తేదీ 10-12-2000, ఆదివారం.

శ్రీయుత వెంకటరత్నం గారికి,
ఉపకార్యదర్శి, పర్యావరణ శాఖ,
కొత్త రాష్ట్ర సచివాలయం (పాత ఆసుపత్రి భవనం),
రాయ్‌పూర్.

అయ్యా,

విషయం: ఉర్లా పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న ఆంధ్రా గల్లీ మీద 1995 నుండి పడుతున్న మసి గురించి, సదరు మసి మీద అధికారం ఏ కోర్టుకు, ఏ సర్కారుకు కలదో తెలియక దరఖాస్తుదారుడు తిరిగిన తిరుగుడు గురించి, దయతో ఒక ఉత్తర్వు ఇప్పించుట గురించి.

బోనెల దానయ్య, వయస్సు 64, రిటైర్డు గూడ్సు గార్డు, ఆంధ్రా గల్లీ నివాసి, తమ సముఖమునకు సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. ముందుగా ఈ అర్జీ తెలుగులో ఉన్నందుకు మన్నించవలెను. గత మంగళవారం నేను తమ ఆఫీసు వరండాలో వరుసలో నిలబడి ఉండగా, లోపల తమరు కూర్చున్న కుర్చీ కాలు విరిగింది. "ఓలమ్మో, నడుం ఇరిగిపోనాది!" అని తమరు అన్న మాట తలుపు దాటి నా చెవిన పడింది. తమరి నడుము విషయమై చింతిస్తున్నాను. ఆ మాట విషయమై మాత్రం ఆనందించాను. నాలుగేళ్ళుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను గాని, బల్లకు అవతలి వైపు నుండి మా శ్రీకాకుళం మాట వినబడటం అదే మొదటిసారి. వెంటనే వరుసలోంచి బయటికి వచ్చి, చేతిలో ఉన్న హిందీ అర్జీ మడిచి సంచిలో పెట్టేసి, తెలుగులో రాసుకుందామని ఇంటికి పోయాను. నా వంతు అప్పటికి రెండో స్థానంలో ఉంది. నా తెలివి ఎటువంటిదో తమకు ఇక్కడే బోధపడి ఉంటుంది.

హిందీ అర్జీ మీద నాకు భయం ఉన్న మాట వాస్తవం. అందుకు కారణం నాలుగో పేరాలో వచ్చును.

2. నేను ముప్పై నాలుగేళ్ళు గూడ్సు బండి చిట్టచివరి పెట్టెలో కూర్చుని ఉద్యోగం చేసినవాడిని. ముందు ఇంజను దగ్గర ఏం జరిగినా అందరికంటే ఆఖర్న తెలిసే ఉద్యోగం అది. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదని మనవి.

1994లో ఉర్లా వైపు చవకగా స్థలాలు ఉన్నాయని తెలిసి నేనొక ముక్క కొన్నాను. అంతటితో ఊరుకోక, నాతోపాటు రిటైరైన పదకొండు కుటుంబాలను వెంటపెట్టుకుపోయి చూపించాను. "రైల్వే క్వార్టర్లలో ఏముందిరా, బొగ్గు పొడి! ఇక్కడ గాలి చూడండి, గుండెల నిండా పీల్చుకోండి" అని చేతులు బార్లా చాపి మరీ చెప్పాను. వారు పీల్చి చూశారు. నిజంగానే బాగుంది. కొన్నారు. వారిలో అచ్చయ్య ఒకడు. ముప్పై ఏళ్ళు ఆవిరి ఇంజనులో బొగ్గు వేసిన ఫైర్‌మన్. మంచివాడు. నా మాట మీద నమ్మకం కలవాడు. ఆ రెండూ ఒక్కచోట ఉండటం అతనికి చేటు తెచ్చింది.

3. ఏడాది తిరగకుండా మా గల్లీకి అర మైలు దూరంలో ఇనుము తయారుచేసే కార్ఖానా ఒకటి లేచింది. చిమ్నీలోంచి నల్లటి మసి రావడం మొదలైంది. ఆరేసిన బట్టల మీద, తులసికోట మీద, మూత తీసిన అన్నం మీద, పడుకున్నవారి ముక్కుల్లో. నా భార్య పైడమ్మ మేడమీద గుమ్మడి వడియాలు పెట్టి చుట్టుపక్కల ఇళ్ళకు అమ్మేది. అవి ఎండేసరికి మిరియాల రంగుకు వచ్చేవి. అచ్చయ్యకు ఆయాసం పట్టుకుంది. అతని మంచం పక్కన ఉన్న కిటికీకి అతని భార్య దాలమ్మ తడిబట్ట కట్టి ఎప్పటికీ మూసేసింది.

ఒకరోజు నేను చూడబోతే అచ్చయ్య నవ్వుతూ అన్నాడు: "గార్డుబాబూ, ముప్పై ఏళ్ళు ఇంజను కాడ పొగ తిన్నాను. అదైతే నన్ను మోసుకుని ఊళ్ళు తిప్పింది. ఈ పొగేటి, ఊరికినే గుండెల మీద కూకుంటంది!"

అతను నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నేను కోర్టుకు పోయేవాడిని కాను. తిట్లు తిని ఇంట్లో కూర్చునేవాడిని.

4. 1996లో నేను రైల్వే రూల్సు పుస్తకం కంఠస్థం చేసినవాడిని గదా అనే అహంతో, వకీలు అక్కరలేదని, నా కేసు నేనే వాదించుకుంటానని సివిల్ కోర్టులో దావా వేశాను. సర్కారు మీద దావాకు రెండు నెలలు ముందు నోటీసు ఇవ్వాలన్నారు, ఇచ్చాను. హిందీలో ఫిర్యాదు నేనే రాశాను.

ఇక్కడివారు వడియాన్ని 'బడీ' అంటారని తమకు తెలియనిది కాదు. హిందీలో 'బడీ' అంటే 'బాగా, చాలా' అని కూడా అర్థం. "మేరీ పత్నీ కీ బడీ కాలీ హో గయీ", అనగా నా భార్య పెట్టిన వడియాలు నల్లబడ్డాయి అని రాయబోయి, మధ్యలో 'కీ' అనే అక్షరం మింగేశాను. కోర్టు గుమాస్తా పైకి చదివాడు: "నా భార్య బాగా నల్లబడిపోయింది. ఇందుకు రాష్ట్ర ప్రభుత్వం బాధ్యత వహించవలెను."

కోర్టంతా నవ్వింది. జడ్జీగారు పెద్దమనిషి, నవ్వు ఆపుకుని, "బాబూజీ, ఇది కుటుంబ వ్యవహారాల కోర్టుకు పోవాలేమో" అన్నారు. తరువాత నిజంగా చదివి, నిజంగా విచారించి, వాయు కాలుష్యం చట్టం కింద బోర్డు చూడవలసిన విషయాలలో సివిల్ కోర్టుకు అధికారం లేదని చెప్పి దావా కొట్టేశారు. తప్పు ఆయనది కాదు, చట్టంలో అలాగే ఉంది. ఆ పేజీ నేను చదవలేదు. నేను కొన్న సెకండ్ హ్యాండు పుస్తకంలో ఆ పేజీ లేదు.

ఆ సాయంత్రం కబురు నాకంటే ముందే ఇంటికి చేరింది. "నాను నల్లగయిపోనానని సర్కారుకి సెప్పుకున్నావేటి? ముప్పై ఏళ్ళ కాపరంలో నీకు ఇప్పుడగుపించిందా?" అని పైడమ్మ అడిగింది. నేను వాయిదా కోరాను.

5. 1997లో మేజిస్ట్రేటు కోర్టు. అక్కడ మామూలు పౌరుడు కేసు పెట్టాలంటే కాలుష్యం ఆఫీసుకు అరవై రోజుల ముందు నోటీసు ఇవ్వాలట. జూలై 19న ఇచ్చి, వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టుకుని, సరిగ్గా అరవయ్యో రోజున తనిఖీ జరగాలని, ఫిర్యాదీనైన నా సమక్షంలోనే జరగాలని నేనే పట్టుబట్టాను. పాపం వారు ఒప్పుకున్నారు. అరవయ్యో రోజు సెప్టెంబరు 17 అయింది. విశ్వకర్మ పూజ. దేశంలో ఏ కార్ఖానాలోనూ యంత్రం తిరగని రోజు.

వెళ్ళేసరికి చిమ్నీకి బంతిపూల దండ వేసి ఉంది. యంత్రాలకు పసుపు, కుంకుమ. తనిఖీకి వచ్చినవారు గొట్టాలు, సీసాలు పెట్టి గాలి పట్టుకున్నారు. సన్నజాజుల వాసన, కర్పూరం వాసన. గాలి సంతృప్తికరం అని రాశారు. ఉన్నదే రాశారు. అంతలో ఎవరో పళ్ళెం ముందుకు చాపగా నేను ప్రసాదం లడ్డూలు రెండు తీసుకున్నాను. ఒకటి పైడమ్మకు అనుకున్నాను గాని దారిలోనే అయిపోయింది.

ఆ లడ్డూలు కూడా కేసులో రికార్డయ్యాయి. "ఫిర్యాదీ సదరు ప్రాంగణంలో ఆరోగ్యంగా నిలబడి మిఠాయి భుజించాడు" అని అవతలి వకీలు వాదించాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు. కేసు పోయింది.

6. 1998లో జబల్‌పూర్ హైకోర్టు. ఈసారి బుద్ధి తెచ్చుకుని వకీలును పెట్టుకున్నాను. పై అథారిటీకి అప్పీలు చేసుకునే దారి ఉండగా నేరుగా ఇక్కడికి రాకూడదు, ముందు భోపాల్ పొమ్మన్నారు. భోపాల్ పోయాను. అక్కడి అధికారి నా కాగితాలన్నీ ఓపికగా తిరగేసి అడిగారు:

"బోర్డు మీ మీద ఏమైనా ఉత్తర్వు ఇచ్చిందా?"

"లేదండి. ఎవరి మీదా ఇవ్వలేదనే గదా నా బాధ."

"ఉత్తర్వు ఉంటేనే అప్పీలు. ఏదైనా ఒకటి ఇచ్చాక రండి."

తిరుగు బండిలో, నా మీద ఏదైనా ఉత్తర్వు తెచ్చుకునే ఉపాయం గురించి ఆలోచించానని సిగ్గుపడుతూ మనవి చేస్తున్నాను. ఇంటికి చిమ్నీ కట్టిస్తే ఎలా ఉంటుందని పైడమ్మను అడిగాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, లోపలికి పోయి శొంఠి కషాయం పెట్టింది.

7. 1999లో మళ్ళీ జబల్‌పూర్. ఈసారి కేసు చేర్చుకున్నారు. ఒకటో ప్రతివాది రాష్ట్ర ప్రభుత్వం, రెండో ప్రతివాది కాలుష్యం బోర్డు. నాకు గర్వం కలిగింది. గల్లీలో అందరికీ కాగితం చదివి వినిపించాను. నన్ను 'వకీలు గార్డు' అనసాగారు. అది వెక్కిరింపని నాకు చాలా రోజుల వరకు తెలియలేదు. వాయిదా తరువాత వాయిదా. ప్రతిసారీ బండి బిలాస్‌పూర్‌లో ఆగితే దిగి టీ తాగి మళ్ళీ ఎక్కేవాడిని. ఆ ఊళ్ళో నాకు పని పడుతుందని కలలో కూడా అనుకోలేదు.

8. ఇక అసలు సంగతి. ఇది ఏ కోర్టుకూ చెప్పుకోలేదు. తమకు చెప్పుకుంటున్నాను.

ఈ సంవత్సరం ఏప్రిల్‌లో జబల్‌పూర్ వాయిదాకు బయల్దేరుతుంటే పైడమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది: "కోర్టుకి ఎల్తావు, బోపాలెల్తావు. పొగ కాడికి ఒక్కసారీ ఎల్లవేటి?"

"అలా పోకూడదు. విషయం న్యాయస్థానం పరిధిలో ఉంది" అన్నాను.

"పరిదంటే ఏటి?"

"హద్దు."

"మసికి నేదా హద్దు?" అంది.

నేను బండి టైమవుతోందని వెళ్ళిపోయాను. అక్కడ కేసు పిలవలేదు. ఆరో రోజున తిరిగి వస్తే ఇల్లు తాళం వేసి ఉంది. గల్లీలో ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. అచ్చయ్య ఒక్కడే మంచం మీద కూర్చుని ఉన్నాడు. అతని కిటికీ తెరిచి ఉంది. తడిబట్ట లేదు. ఎండ నేరుగా అతని మోకాళ్ళ మీద పడుతోంది.

"గార్డుబాబూ, ఇయ్యాల పొద్దుట్నించీ ఒక్కసారే దగ్గాను" అన్నాడు.

జరిగినది ఏమనగా, నేను బండెక్కిన మర్నాడు పైడమ్మ, దాలమ్మ, అప్పలనరసమ్మ, మా గల్లీ ఆడవాళ్ళు మొత్తం పద్నాలుగుమంది, పక్క బస్తీ ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు మరో ఇరవైమంది, నల్లబడ్డ వడియాల చేటలు పట్టుకుని పోయి కార్ఖానా గేటు ముందు కూర్చున్నారు. నినాదాలు లేవు, జెండాలు లేవు. వచ్చేపోయే లారీ డ్రైవర్లందరికీ చేటలు చూపించి, "తింటావా బాబూ?" అని అడిగారు. నాలుగో రోజున మేనేజరు బయటికి వచ్చాడు. అప్పుడు తేలింది: చిమ్నీకి మసి పట్టే యంత్రం మొదటినుంచీ ఉంది. కరెంటు ఎక్కువ తింటుందని నడపడం లేదు. నడిపిస్తానని మాట ఇచ్చాడు. ఆ మధ్యాహ్నమే నడిపించాడు. నిజంగా నడుస్తోందో లేదో చూడటానికి ఆడవాళ్ళు మర్నాడు కూడా గేటు దగ్గరే ఉన్నారు.

మూడున్నర సంవత్సరాలు నేను నాలుగు ఆఫీసుల్లో వెతికిన యంత్రం అది.

అయ్యా, రెండు రోజులు పోయాక నేను మేడ ఎక్కి చూశాను. తెల్లటి వడియాలు. వేలితో గచ్చు రాసి చూశాను, మసి లేదు. సంతోషించవలసినవాడిని. నాకు మొదట కలిగిన ఆలోచన మాత్రం ఇది: ఇక నా కేసు కొట్టేస్తారు. గాలి శుభ్రపడితే దిగులుపడిన మనిషి జిల్లాలో నేనొక్కడినే అయి ఉంటాను. ఈ నేరం విచారించే అధికారం ఎవరికి ఉందో తెలియదు. శిక్షకు సిద్ధంగా ఉన్నాను.

9. నవంబరు 1న ఎం.పీ. నుండి విడిపోయి ఛత్తీస్‌గఢ్ అనే కొత్త రాష్ట్రం పుట్టింది. నేను గల్లీ అంతా కోవా పేడాలు పంచాను. మన సర్కారు మన ఊళ్ళోనే, ఇక భోపాల్ పోనక్కరలేదు అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. మూడో తేదీ పొద్దున వడియాలు నల్లగా ఉన్నాయి.

పైడమ్మ వెంట ఈసారి నేనూ గేటుకు పోయాను. మేనేజరు చేతులు జోడించి అన్నాడు: "మాతాజీ, వో వాదా తో ఎం.పీ. మే కియా థా. అబ్ తో నయా రాజ్య్ హై." మాట ఇచ్చినది పాత రాష్ట్రంలోనట. ఇప్పుడు రాష్ట్రం మారిందట.

నలభై ఏళ్ళుగా నేను విన్న వాదనలన్నిటిలోకీ ఇదే గట్టిదని నాకు అక్కడికక్కడే తోచింది. తల కూడా ఊపానని పైడమ్మ ఆరోపణ.

10. వెంటనే వాకబు చేయగా, ఒకటో ప్రతివాదియైన పాత ప్రభుత్వం, సదరు కార్ఖానా తమ రాష్ట్రంలో లేదన్నది. తమరి కార్యాలయంలో ఒక గుమాస్తా, 1995లో తాము పుట్టలేదన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. కేసు బిలాస్‌పూర్‌లో పెట్టిన కొత్త హైకోర్టుకు బదిలీ అయిందని తెలిసి అక్కడికి పోయాను. ఫైళ్ళు జబల్‌పూర్ నుండి ఇంకా చేరలేదు, దారిలో ఉన్నాయన్నారు. వ్యాగన్ నంబరు ఏమిటని అడిగాను. అలవాటు కొద్దీ అడిగాను. వారు కోపగించుకున్నారు.

ఈలోపల అచ్చయ్య కిటికీ మళ్ళీ మూసేశారు. గత బుధవారం అతన్ని ఆసుపత్రిలో చేర్చాం. ముక్కుకు గొట్టం ఉంది. నన్ను చూసి గొట్టం పక్కకు తీసి, "కేసు ఏ టేసనులో ఉంది, గార్డుబాబూ?" అని అడిగాడు. ఆ గాలి పీల్చుకోమని చెప్పి అతని చేత స్థలం కొనిపించినవాడిని నేను. జవాబు నా దగ్గర లేదు. తమ దగ్గర ఉండవచ్చునని ఈ అర్జీ.

కావున ప్రార్థించునది:

(అ) ఏ కోర్టుకు అధికారం ఉందో నెమ్మదిగా తేలనివ్వండి. నాకు తొందర లేదు. అచ్చయ్యకు ఉంది. మసి పట్టే యంత్రాన్ని పగలూ రాత్రీ నడపవలెనని సదరు కార్ఖానాకు తమ శాఖ తరఫున ఒక ఉత్తర్వు ఇప్పించవలెను. నోటిమాట చాలదు. మాటకు రాష్ట్రం ఉంటుందని మాకు ఇప్పుడు తెలిసింది.

(ఆ) ముందుగా ఎవరికీ చెప్పకుండా, పండుగ కాని ఒక రోజున తనిఖీ చేయించవలెను. తేదీ నిర్ణయించే బాధ్యత నాకు మాత్రం ఇవ్వరాదు.

(ఇ) ఒకటో ప్రతివాది ఎవరో ఒక్క వాక్యం రాసి ఇప్పించవలెను. అది తామే అయితే నేనేమీ అనుకోను. తమ మీద నాకు కోపం లేదు.

పై సంగతులలో నా తెలివితక్కువతనం మినహాయించి, మిగిలినది మాత్రం తమరు చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
బోనెల దానయ్య
రిటైర్డు గూడ్సు గార్డు
ఆంధ్రా గల్లీ, ఉర్లా.

తా.క. అర్జీ ముగించి పైడమ్మకు చదివి వినిపించాను. మొదటినుంచీ చివరిదాకా వింది. వడియాల దగ్గర కొంచెం నవ్వింది. ఆసుపత్రి దగ్గర లేచి వెళ్ళి, కాసేపటికి వచ్చి కూర్చుంది. "బాగానే రాసావు. పోస్టులో ఎయ్యి. రేపు పొద్దున్న మేం మళ్ళీ గేటుకాడికి ఎల్తన్నాం, దాలమ్మ కూడా ఆసుపత్రి నుంచి వొచ్చీసి కూకుంటానంది. నువ్వూ రా" అంది.

వస్తానన్నాను. కాబట్టి తమరు ఏదైనా జవాబు పంపదలిస్తే పైన రాసిన ఇంటి చిరునామాకు పంపవద్దు. ఇల్లు తాళం వేసి ఉంటుంది. కార్ఖానా గేటు ఎదురుగా, లారీలు ఆగేచోట, ఆడవాళ్ళ వరుసలో చివరన, అని రాయండి. ముసలాణ్ణి నేనొక్కడినే ఉంటాను. పోస్టుమనిషికి తెలుస్తుంది.

కూజా, గొడుగు తెమ్మంది. ఫైలు మాత్రం తేవద్దని గట్టిగా చెప్పింది. సరేనన్నాను. ఈ అర్జీ నకలు ఒక్కటి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాను. దయచేసి ఆమెకు తెలియనివ్వకండి.